బాలింత మనసు: వేలూరు, గుడియాత్తం, మెదడు హార్మోన్ల కథ

పోయినసారి మేము రాసిన వ్యాసం చదివి కొందరు "బాగుందిగానీ కొంచెం పొట్టిగా రాయండయ్యా" అన్నారు. ఈసారీ పొట్టిగా రావడం లేదు, మన్నించాలి. విషయం అలాంటిది.

మొదట మా తప్పు చెప్పుకొని తరువాత చరిత్రలోకి వెళ్తాం. కొన్నేళ్ళ కిందట మన సంఘం ముందుకు ఒక పంచాయితీ వచ్చింది. పేర్లు, వీధులు అడగొద్దు, చెప్పం. అమ్మాయిది వేలూరు, అత్తవారిది గుడియాత్తం. తొలి కాన్పు, ఆడబిడ్డ. బిడ్డకు రెండో నెల దాటినప్పటి నుంచి తల్లికి నిద్ర పోయింది. గుండె దడ, చేతుల వణుకు, ఊరికే అరవడం. ఆరో నెల వచ్చేసరికి అంతా తిరగబడింది. ఎప్పుడూ పడుకునే ఉంటుంది, ఎండాకాలంలో కూడా దుప్పటి కప్పుకుంటుంది, బిడ్డ ఏడ్చినా లేవదు. అత్తగారు "బద్ధకం, మొండితనం, పుట్టింటి గారాబం" అన్నారు. తల్లిగారు "ఆడబిడ్డ పుట్టిందని పొడుస్తున్నారు" అన్నారు. మేము ఏడుగురం కూర్చొని రెండు గంటలు విన్నాం, కాఫీలు తాగాం, ఆరు నెలలు పుట్టింట్లో ఉండమని తీర్పు చెప్పాం. సంఘం పుస్తకంలో "కుటుంబ తగాదా, రాజీ అయినది" అని రాసి సంతకాలు పెట్టాం.

నాలుగు నెలల తరువాత జుట్టు రాలిపోతోందని ఆ అమ్మాయి ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. ఆవిడ రక్తపరీక్ష రాశారు. థైరాయిడ్ బాగా పడిపోయి ఉంది. దానితోపాటు బాలింత డిప్రెషన్ కూడా ఉందని, రెండింటికీ వైద్యం చేయాలని చెప్పారు. మాత్రలు, మాటల చికిత్స రెండూ మొదలయ్యాక కొన్ని నెలలకు తేరుకుంది. ఆ రోజు పంచాయితీలో ఏడుగురిలో ఒక్కరమైనా "అమ్మా, రాత్రిళ్ళు నిద్ర పడుతోందా?" అని అడగలేదు. అందుకే ఈ వ్యాసం.

మన పెద్దలకు ఈ జబ్బు తెలియక కాదు. పేరు వేరు, అంతే. బాలింత సన్ని అన్నారు, బాలింత గుణం అన్నారు, గాలి సోకిందన్నారు. వేపమండలు, విభూతి, తాయెత్తు అయ్యాక షోళింగర్ చిన్నకొండ మీద ఆంజనేయస్వామి దగ్గరికి తీసుకెళ్ళి, కొలనులో స్నానం చేయించి కొన్నాళ్ళు అక్కడే ఉంచేవారు. మేము దీన్ని ఎగతాళి చేయం. మధురై వైపు ముత్తుస్వామి గుడిలో ఉన్న 31 మంది మనోరోగులను బెంగళూరు వైద్యులు పరిశీలించి 2002లో ఒక వ్యాసం అచ్చువేశారు. అక్కడ ఐదారు వారాలు ప్రశాంతంగా ఉన్నందుకే లక్షణాలు దాదాపు ఐదో వంతు తగ్గాయని తేలింది. గుడి అంటే అన్నీ ఒకటి కాదు. 2001 ఆగస్టు 6న రామనాథపురం జిల్లా ఏర్వాడిలో గొలుసులతో కట్టేసిన రోగులు 28 మంది పాకకు నిప్పంటుకొని కాలిపోయారు. ఆ వార్త చదివినవాళ్ళు మనలో ఇంకా ఉన్నారు.

గుడికి వెళ్ళలేనివారికి మిగిలింది మద్రాసు. అక్కడ 1794లోనే ఒక పిచ్చాసుపత్రి పెట్టారు. 1871 నుంచి అది కీల్పాకంలో ఉంది. మన ఊళ్ళలో ఎవరినైనా కోపంగా "నిన్ను కీల్పాకం పంపాలి" అనే మాట అక్కడి నుంచి వచ్చిందే. పంపడమంటే ఇంటివాళ్ళు చేతులు దులుపుకోవడమే.

ఇక వేలూరు సంగతి. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా విడిపోయేదాకా చిత్తూరు, పలమనేరు, గుడియాత్తం, వేలూరు అన్నీ ఉత్తర ఆర్కాడు జిల్లాలోనే ఉన్నాయి. పలమనేరు వైపు నుంచి వచ్చే కౌండిన్య నది గుడియాత్తం మధ్యగా పోయి పాలారులో కలుస్తుంది. ఆ నీళ్ళతో పాటే తెలుగూ వచ్చింది. మగ్గాల సందుల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. బయటివాళ్ళకు గుడియాత్తం అంటే లుంగీ, అగ్గిపెట్టె, లేకపోతే 1954లో కామరాజర్ గెలిచిన ఉప ఎన్నిక. వైద్య చరిత్రలో ఆ ఊరికి ఇంకో చోటు ఉంది.

ఐడా స్కడర్ కథ మీకు తెలిసిందే, అయినా ఇక్కడ అవసరం. మిషనరీ వైద్యుడైన తండ్రి దగ్గర ఉండగా ఒకే రాత్రి మూడు ఇళ్ళ నుంచి మగవాళ్ళు వచ్చి, కాన్పు కష్టమైన తమ భార్యలకు సాయం చేయమని ఆమెను అడిగారు. తనకు వైద్యం రాదు, నాన్నగారు వస్తారంది. పరాయి మగవాడు తాకకూడదని ముగ్గురూ వెళ్ళిపోయారు. తెల్లారేసరికి ముగ్గురు ఆడవాళ్ళూ చనిపోయారు. ఆమె అమెరికా వెళ్ళి కార్నెల్‌లో 1899లో డాక్టరై, 1900లో వేలూరుకు తిరిగి వచ్చింది. 1902లో షెల్ ఆసుపత్రి, 1918లో ఆడపిల్లలకు వైద్య పాఠశాల వచ్చాయి. ఆసుపత్రిలో కూర్చుంటే జనం రారని తెలిసి వారానికోసారి వేలూరు నుంచి గుడియాత్తం దాకా బండి కట్టించేది. తరువాత మోటారు కారు వచ్చింది. దారిపొడవునా చింతచెట్ల కింద ఆగి మందులిచ్చేవారు. దాన్ని వాళ్ళు "రోడ్‌సైడ్" అనేవారు. సుమారు 35 కిలోమీటర్ల ఆ దారిలో ఈ రోజు మనం బస్సులో కునుకు తీస్తూ పోతాం.

అంటే వేలూరు ఆసుపత్రి పుట్టిందే కాన్పుల్లో పోయే ప్రాణాల కోసం. కాన్పు దాటి బతికిన తల్లి మనసు ఏమైందో అడగడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. ఆ అమ్మాయికి వచ్చిన జబ్బు గురించి లోకానికి ఎప్పుడు తెలిసిందో చూస్తే మాకే ఆశ్చర్యం వేసింది. 1888లో లండన్ క్లినికల్ సొసైటీ థైరాయిడ్ పడిపోయినవాళ్ళ గురించి ఒక పెద్ద నివేదిక వేసింది. నూటికి పైగా రోగుల్లో దాదాపు సగంమందికి భ్రమలో, లేనివి కనిపించడమో ఉన్నాయని అందులో ఉంది. 1891లో జార్జ్ మర్రే అనే డాక్టరు గొర్రె థైరాయిడ్ రసాన్ని సూదితో ఎక్కించి ఒకావిడను తేరుకునేలా చేశాడు. 1914 క్రిస్మస్ రోజున ఎడ్వర్డ్ కెండాల్ ఆ హార్మోన్‌ను విడదీశాడు. 1949లో రిచర్డ్ ఆషర్ అనే ఇంగ్లీషు డాక్టరు, పిచ్చివాళ్ళుగా లెక్కగట్టిన 14 మందికి అసలు జబ్బు థైరాయిడ్ అని రాశాడు. అందులో ఎక్కువమంది మందుతో బాగుపడ్డారు. కాన్పు తరువాత కొన్ని నెలలకు శరీరమే తన థైరాయిడ్ మీద తిరగబడి, మొదట హార్మోన్ పొంగి తరువాత ఎండిపోతుందని జపాన్ వైద్యుడు అమినో, ఆయన బృందం 1970ల నుంచి చూపించారు. మొదట దడ, వణుకు. తరువాత చలి, మందగింపు. మన అమ్మాయికి జరిగింది అచ్చం అదే. మేము దాన్ని "మొదట పొగరు, తరువాత బద్ధకం" అని చదువుకున్నాం.

ఇంకో జబ్బు ఉంది, మన పాత తరం ఇళ్ళలో ఎంతమందికి ఉండి ఉంటుందో తలుచుకుంటే బాధ. 1937లో ఇంగ్లండులో హెరాల్డ్ షీహన్ వివరించాడు. కాన్పులో రక్తం విపరీతంగా పోతే, గర్భంతో పెరిగి ఉన్న పిట్యూటరీ గ్రంథికి రక్తం అందక అది చచ్చిపోతుంది. మెదడు కింద శనగగింజంత ఉండే గ్రంథి అది. థైరాయిడ్‌కు, అడ్రినల్‌కు, అండాశయానికి ఆజ్ఞలిచ్చేది అదే. అది పోతే తల్లికి పాలు పడవు, నెలసరి తిరిగి రాదు, ఒళ్ళు చల్లబడుతుంది, మాట మందగిస్తుంది, ఏ పనిమీదా మనసు పోదు. ఇంట్లో మంత్రసాని చేతిలో కాన్పు అయి, రక్తం పోయి, "అప్పటి నుంచీ అదోలా అయిపోయింది" అనిపించుకున్న అవ్వలు ప్రతి వంశంలో ఒకరైనా గుర్తుకొస్తారు. పాలు రాకపోవడం దిష్టి అన్నారు. పలకకపోవడం పొగరన్నారు.

ఇక్కడ ఒక మాట స్పష్టం చేసుకోవాలి, మన వాట్సాప్‌లలో తరచు కలగాపులగం అవుతోంది. హార్మోన్ అంటే గ్రంథిలో పుట్టి రక్తంలో ప్రయాణించి దూరంగా పనిచేసేది. ఆ పేరు 1905లో స్టార్లింగ్ వాడాడు. సెరోటోనిన్, డోపమిన్‌లను జనం "మెదడు హార్మోన్లు" అంటారుగానీ, మెదడులో అవి చేసే పని ఒక నరకణం నుంచి పక్క కణానికి కబురు మోయడం. హార్మోన్ ఊరు దాటి పోయే టపా అనుకుంటే, ఇది గోడ మీంచి పక్కింటికి అందించే గిన్నె. రెండూ ఒకదాన్నొకటి మారుస్తాయి. థైరాయిడ్ పడిపోతే ఆ గిన్నెలు అందించుకోవడమూ మందగిస్తుంది.

ఆ కబురు మోసే పదార్థాలకూ మనసుకూ సంబంధం ఉందని తెలియడంలో మన దేశపు వేరు ఒకటి పెద్ద పాత్ర వహించింది. సర్పగంధ, మన వైద్యులు పాతాళగంధి అని కూడా అంటారు. బీహారులో దానికి పిచ్చి మందు అనే పేరే ఉండేది. 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అది ఉన్మాదాన్నీ రక్తపోటునూ తగ్గిస్తుందని రాశారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం వకీల్ రక్తపోటు మీద దాని ఫలితాలను ఇంగ్లండు పత్రికలో ప్రకటించాడు. 1952లో స్విట్జర్లాండులోని సిబా కంపెనీ దాని నుంచి రిసర్పిన్ తీసింది. ఆ మాత్ర వేసుకున్న రక్తపోటు రోగుల్లో కొందరు దిగులులోకి జారిపోతున్నారని వైద్యులు గమనించారు. 1955లో అమెరికాలో బ్రోడీ బృందం రిసర్పిన్ సెరోటోనిన్ నిల్వను ఖాళీ చేస్తుందని చూపింది. ఆ సెరోటోనిన్ మెదడులో ఉందని బెట్టీ ట్వారోగ్ అనే యువతి చెప్పి అప్పటికి రెండేళ్ళే అయింది. అదే కాలంలో క్షయకు ఇచ్చిన ఇప్రోనియాజిడ్ మందుతో న్యూయార్క్ శానిటోరియంలో రోగులు ఉత్సాహంగా తిరగడం మొదలుపెట్టారు. ఒక మందు కుంగదీస్తోంది, ఇంకోటి లేపుతోంది. ఈ రెంటి నడుమ నుంచి 1960లలో ఒక సిద్ధాంతం పుట్టింది: మెదడులో ఆ పదార్థాలు తగ్గితే దిగులు.

సిద్ధాంతం సులువుగా ఉంది కాబట్టి బాగా అమ్ముడుపోయింది. 1987 చివర అమెరికాలో ప్రొజాక్‌కు అనుమతి వచ్చాక "కెమికల్ తేడా" అనే మాట ప్రతి ఇంటికీ చేరింది. విషయం అంత తేలిక కాదు. రిసర్పిన్ నిజంగా ఎంతమందిని కుంగదీసిందన్నది తరువాత వచ్చిన పరిశోధకులు మళ్ళీ ప్రశ్నించారు. మాత్ర వేసుకున్న గంటల్లోనే సెరోటోనిన్ పెరుగుతుంది, మనసు తేరుకోవడానికి మాత్రం వారాలు పడుతుంది. లోటు ఒక్కటే కారణమైతే అలా ఎందుకు? 2022లో లండన్ పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ తిరగేసి, దిగులుకు సెరోటోనిన్ లోటే కారణమనడానికి నికరమైన ఆధారం లేదన్నారు. దాన్ని చూపి మన సభ్యుడొకాయన "అయితే మాత్రలన్నీ మోసమే కదా" అని పెట్టారు. కాదండీ. మందు ఎలా పనిచేస్తుందో మనం చెప్పిన కథ సరిపోలేదంటే మందు పనిచేయదని కాదు. ఎవరూ డాక్టరును అడగకుండా మాత్ర మానొద్దు, హఠాత్తుగా అసలే మానొద్దు.

ఇప్పుడు బాగాయం. వేలూరు ఊరికి దక్షిణంగా, సీఎంసీ కాలేజీ ఉన్న వైపు, 1957లో మానసిక ఆరోగ్య కేంద్రం మొదలైంది. దాని తొలి రోజుల్లో కెనడా నుంచి వచ్చిన డాక్టర్ ఫ్లోరెన్స్ నికోల్స్ ఉన్నారు. అక్కడి పద్ధతి కీల్పాకానికి తలకిందులు: రోగితోపాటు ఇంటివాళ్ళు ఒకరు వచ్చి అక్కడే ఉండాలి. అదే దశకంలో అమృత్‌సర్‌లో డాక్టర్ విద్యాసాగర్ ఆసుపత్రి ఆవరణలో గుడారాలు వేయించి కుటుంబాలను రోగుల దగ్గర ఉంచాడు. పడమటి దేశాల్లో రోగిని ఇంటి నుంచి వేరుచేయడమే వైద్యమనుకుంటున్న కాలంలో ఇక్కడ ఇంటినే వైద్యంలోకి తెచ్చారు. నర్సుల కొరత కూడా ఒక కారణమే కావచ్చుగానీ, ఫలితం గొప్పది. దగ్గరుండి చూసిన అత్తకు కోడలి జబ్బు నాటకం కాదని అర్థమవుతుంది. ఇంటికి వెళ్ళాక మాత్ర ఎందుకు ఆపకూడదో తెలుస్తుంది. మందులూ ఆ కాలంలోనే వచ్చాయి: క్లోర్‌ప్రోమజిన్ 1952లో, ఇమిప్రమిన్ 1957 ప్రాంతంలో. లిథియం గుణాన్ని ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ 1949లోనే కనిపెట్టాడు. ఎప్పుడో పొంగి ఎప్పుడో కుంగే మనోవ్యాధికి ఇప్పటికీ అదే పెద్ద దిక్కు.

బాగాయం దాటి తిరువణ్ణామలై రోడ్డులో పోతే కణియంబాడి. ఆ మండలం పల్లెల్లో సీఎంసీ వాళ్ళు ఇంటింటి లెక్కలు దశాబ్దాలుగా రాస్తున్నారు. అక్కడి నుంచి 2002లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీలో ఒక అధ్యయనం వచ్చింది. 359 మంది గర్భిణులను ఆఖరి నెలల్లో ఒకసారి, కాన్పయ్యాక 6 నుంచి 12 వారాల నడుమ ఒకసారి పలకరించారు. కొత్తగా డిప్రెషన్ వచ్చినవారు 11 శాతం. తొమ్మిది మందిలో ఒకరన్నమాట. కారణాల్లో ఏమున్నాయో వినండి: తక్కువ ఆదాయం, కొడుకు కావాలనుకున్నప్పుడు కూతురు పుట్టడం, అత్తతోనో కన్నవారితోనో పడకపోవడం, కడుపుతో ఉన్నప్పుడు ఏదైనా ఆపద రావడం, కాన్పయ్యాక పనిలో చేయి అందించేవారు లేకపోవడం.

అది చదివినప్పుడు మాలో ఒకరు "మరి హార్మోన్ ఏమైంది? తప్పంతా అత్తదేనా?" అన్నారు. మంచి ప్రశ్న. కాన్పయిన కొద్దిరోజుల్లో ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ కొండ మీంచి పడ్డట్టు పడిపోతాయి. అది ప్రతి తల్లికీ జరుగుతుంది. రాణికీ, బీడీలు చుట్టే ఆమెకూ. అందరికీ పడిపోతే కొందరే ఎందుకు కుంగుతారు? 2000లో అమెరికా పరిశోధకులు 16 మంది ఆడవాళ్ళ మీద దీన్ని పరీక్షించారు. ఎనిమిదిమందికి అంతకుముందు బాలింత డిప్రెషన్ వచ్చి పోయింది, ఎనిమిదిమందికి ఎప్పుడూ రాలేదు. గర్భిణిలో ఉన్నంత స్థాయికి హార్మోన్లు మందులతో పెంచి హఠాత్తుగా ఆపారు. మొదటి గుంపులో ఐదుగురు కుంగారు, రెండో గుంపులో ఒక్కరూ కాదు. హార్మోన్ పతనం ఒకటే, దాన్ని తట్టుకునే మెదడు వేరు. ప్రొజెస్టిరాన్ నుంచి పుట్టి మెదడును శాంతపరిచే ఒక పదార్థాన్ని మందుగా చేసి 2019లో అమెరికాలో అనుమతించారు. అదే దారిలో 2023లో మాత్ర కూడా వచ్చింది.

కాబట్టి హార్మోనా, అత్తగారా అన్నది తప్పు లెక్క. సున్నితమైన మెదడున్న తల్లికి పతనం తగిలిన వారంలోనే "మళ్ళీ ఆడపిల్లేనా" అనే మాట కూడా తగులుతుంది. దిగులు, నిద్రలేమి కలిసి ఒత్తిడి హార్మోన్ కార్టిజోల్‌ను తారుమారు చేస్తాయి. అది మళ్ళీ నిద్రను తింటుంది. రక్తంలో ఉన్నదాన్ని రక్తపరీక్ష చెబుతుంది. ఇంట్లో ఉన్నదాన్ని చెప్పే పరీక్ష లేదు, అడగాలి. 2004లో లాన్సెట్‌లో అదే కణియంబాడి నుంచి ఇంకో అధ్యయనం వచ్చింది: 10 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో ఆత్మహత్యల రేటు లక్షకు 148, మగపిల్లల్లో 58. మన బస్సు పోయే ఊళ్ళ లెక్కలివి. వీటి గురించి మన వార్షిక సభల్లో మేము ఒక్కసారి కూడా మాట్లాడలేదు. వధూవరుల పరిచయ వేదికల మీద మాత్రం గంటలు గంటలు మాట్లాడాం. అక్కడ "ఇంట్లో మెంటల్ కేసు ఉందా" అని చెవిలో అడిగేవాళ్ళం కూడా మేమే. ఆ ప్రశ్న భయానికే జనం బాగాయం గేటు దగ్గర తెలిసినవాళ్ళు కనిపిస్తే మొహం తిప్పుకుంటారు. వైద్యం నెలలు, ఏళ్ళు ఆలస్యమవుతుంది.

పోయిన కమిటీ సమావేశంలో పాత పుస్తకం తీశాం. "కుటుంబ తగాదా, రాజీ అయినది" అన్న చోట ఆ అమ్మాయి అనుమతితో కింద ఒక వరుస చేర్చాం: "ఇది జబ్బు. సంఘం గుర్తించలేదు." ఏడుగురిలో ఇప్పుడున్న ఐదుగురం సంతకం చేశాం. ఆమె అత్తగారు ఆ రోజు వచ్చి, తనూ సంతకం పెడతానన్నారు. పెట్టించుకున్నాం.

ఇక నుంచి ఏడాదిలోపు బిడ్డ ఉన్న ఇంటి నుంచి పంచాయితీ వస్తే, ముందు థైరాయిడ్ పరీక్ష, డాక్టరు మాట, ఆ తరువాతే మా మాట. ఆ కూర్చోవడంలో ఇద్దరు ఆడవాళ్ళైనా ఉండాలని కూడా తీర్మానించాం. ఇన్నాళ్ళూ లేరు. బిడ్డకో తనకో హాని చేసుకోవాలనే ఆలోచన తల్లి నోట వస్తే, రాత్రయినా సరే, తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, ఒంటరిగా వదలకూడదు. ప్రభుత్వం వారి టెలి-మానస్ నంబరు 14416, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనూ తమిళంలోనూ మాట్లాడతారు. బాగాయంలో చేర్చాలంటే ఒకరు తోడుండాలి కదా, మగ్గం ఆపి ఉండలేని ఇళ్ళు మనలో ఉన్నాయి. వంతులవారీగా తోడుండటానికి గుడియాత్తం నుంచి నలుగురు అక్కయ్యలు, వేలూరు నుంచి ఇద్దరు ఇప్పటికే పేర్లిచ్చారు. ఇంకా ఇవ్వాలనుకునేవారు కార్యదర్శిగారికి చెప్పండి. ఈ పోస్టు కింద ఎవరి ఇంటి విషయమూ, ఎవరి పేరూ రాయకండి.